తప్పుల పుస్తకంలో గుమికిళ్లు

గదికి పేరు పెట్టేశామని మా తమ్ముడి కూతురు రింకూ ఫోను చేసినప్పుడు నేను విజయనగరంలో మా వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. టాటానగర్‌లో మన తెలుగువాళ్ల హాలు వెనక, పెళ్లిళ్లకి వాడే గంగాళాలూ అండాలూ పడేసే గది ఒకటి ఉండేది. రింకూ, దాని స్నేహితులు నలుగురూ కలిసి ఏడాదిగా ఆ గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, ఊళ్లో తెలుగిళ్లన్నీ తిరిగి పాత సామాను పోగుచేస్తున్నారు. రైల్వే పాసులు, చిరిగిన రేషను కార్డులు, నాటకాల కరపత్రాలు, శుభలేఖలు, ఎవరిదో గార్డు దీపం, ఎవరివో పురిటి మంచం కోళ్లు. మనవాళ్లు ఈ ఊరు ఎలా వచ్చారో, ఎలా బతికారో చెప్పే సాక్ష్యాలన్నీ ఒక్కచోట ఉండాలని దాని పట్టుదల. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల అది. ముప్పయ్యేళ్లొచ్చాక, ఈ గది కోసమే, కూర్చుని తెలుగు చదవడం నేర్చుకుంది. ఆ పిల్ల ఇప్పుడు పొంగిపోతూ, గుమ్మం మీదకి పలక కూడా రాయించేశామనీ, గది పేరు ‘గుమికిళ్ల గది’ అనీ చెప్పింది.

ఆ పేరు ఎక్కడ దొరికిందని అడిగాను. తెలిసే అడిగాను. అమలాపురం నుంచి ఎవరో పాత మాస్టారి కొడుకు, తండ్రి పోయాక పెట్టె సర్దుతుంటే దొరికిందని, ఒక లావుపాటి పుస్తకం టాటానగర్ తెలుగు బడి పేరిట పోస్టులో పంపాడట. బడి ఎప్పుడో మూతపడింది కాబట్టి పోస్టుమాన్ తెచ్చి హాల్లో ఇచ్చాడట. అట్ట మీద ‘తప్పుల పుస్తకం’ అని, కింద ‘వ్రాసినది: కుమారి, ఏడవ తరగతి’ అని ఉందట. ఆ కుమారిని నేనే. అందులో ఉన్న వందల మాటల్లో ఆ ఒక్కమాట మీద అయిదుగురికీ మనసైంది. గుమికిళ్లు: పనికిరావని తెలిసినా పారెయ్యబుద్ధి కాక దాచుకునే చిన్నచిన్న వస్తువులు. ఏ నిఘంటువులోనూ లేదు, టాటానగర్ తెలుగువాళ్ల సొంతమాట, మా గది కోసమే పుట్టినట్టుంది అని రింకూ హిందీలో గడగడా చెప్పుకుపోయింది. గది తెరిచే రోజున నేను వచ్చి ఆ మాట గురించి పది నిమిషాలు మాట్లాడాలట.

వస్తానన్నాను. ఫోను పెట్టేశాక నాకు నవ్వు మొదలైంది. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోంచి జారిపోయేంత నవ్వు. ఎందుకంటే ఆ మాట తెలుగు కాదు, ఒడియా కాదు, హిందీ కాదు. పన్నెండేళ్ల వయసులో, అందరూ చూస్తుండగా, ఉమ్మి మింగడానికి పట్టేంత సేపట్లో నేను కల్పించిన అబద్ధం అది.

రైలెక్కాక కూడా నవ్వు ఆగలేదు. ఖరగ్‌పూర్‌లో ఉంటున్న నర్సికి ఫోను చేశాను. నర్సి నా చిన్ననాటి స్నేహితురాలు, వాళ్ల నాన్నకి టాటానగర్ పక్కనే జుగ్సలాయిలో చింతపండు గోదాము ఉండేది. సంగతి వినగానే దాని గొంతులోంచి ముందు ఒక కీచుమనే చప్పుడు వచ్చింది, తరవాత ఇద్దరం అయిదు నిమిషాలు నవ్వుకున్నాం. పై బెర్తులో పడుకున్నాయన లేచి చూశాడు. చివరికి నర్సి సలహా ఇచ్చింది. “నోరు మూసుకోని కూకోయే. నువ్వు సెప్పకపోతే ఎవులికి తెలుస్తాది?” ఎవరికీ తెలియదు, నిజమే. అదే నన్ను భయపెట్టింది. ఊరి చరిత్ర దాచే గదికి గుమ్మం మీదే అబద్ధం రాసి ఉంటే లోపలున్న నిజాల మాటేమిటి? రింకూ ఇంటింటికీ తిరిగి ఒక్కొక్క ఫొటో వెనకా పేరు, ఊరు, ఇచ్చినవాళ్ల వివరం రాయించుకుంటోంది. ఆ శ్రద్ధ నాకు కొత్త కాదు. అలాంటి మనిషిని నేను ఇంకొకరిని చూశాను.

సూర్యచంద్రం మాస్టారు నా చిన్నప్పుడు టాటానగర్ వచ్చేనాటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, ఎండకి వాడిన తోటకూర కాడలా ఉండేవారు. కోనసీమ దాటి బయటికి రావడం అదే మొదటిసారి. జుగ్సలాయి వెళ్లే దారిలో రేకుల కప్పు కింద నడిచే మా తెలుగు బడికి ఆయన తెలుగు మాస్టారు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు కావడంతో మాకు రైల్వే క్వార్టరు ఉండేది. రెండు గదులు, వరండా, పెరట్లో విడిగా ఒక గది. ఆ పెరటి గదిలో మాస్టారు దిగారు. భోజనం మా ఇంట్లోనే. పొద్దున్నే క్వార్టర్ల లైనులో అన్ని ఇళ్లవాళ్లం బొగ్గుల పొయ్యిలు పెరట్లోకి తెచ్చి ఒకేసారి ముట్టించేవాళ్లం. ఆ పొగలో పక్కింటివాళ్లు గొంతులుగానే తప్ప మనుషులుగా కనిపించేవారు కాదు. ఒకవైపు ఉక్కు కంపెనీ భోంపూ కూత, ఒకవైపు షెడ్డులో ఇంజన్ల కూత, మధ్యలో కుళాయి దగ్గర ఆడవాళ్ల కేకలు. నాన్న డ్యూటీ దిగి వస్తే ముందు నూనె వాసన వచ్చేది, తరవాత నాన్న వచ్చేవారు. రంపప్పొట్టుతో చేతులు రుద్దుకుని, మెడ చుట్టూ గమ్చా వేసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తినేవారు. ఆ చద్దన్నాన్ని మా మామ్మ పఖాళం అనేది. మామ్మ నాన్నకి తల్లి, ఇచ్ఛాపురం అవతల ఒడియా పల్లెల పక్కన పుట్టిన మనిషి. ఆవిడ నోట్లో రెండు భాషలు పుట్టుకతో ఉండేవి, మూడోది టాటానగర్ ఇచ్చింది.

మాస్టారి కష్టాలు బళ్లో అడుగుపెట్టిన మొదటి వారమే మొదలయ్యాయి. ఒకరోజు నర్సి ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే, మా నాన్నకి చక్కరొచ్చింది సార్ అంది. ఆ రోజుల్లో పంచదార దొరకడం గగనం. మాస్టారి ముఖం వెలిగిపోయింది. ఎక్కడొచ్చింది, కార్డు లేకపోయినా ఇస్తారా, తనకి ఒక శేరు ఇప్పించగలరా అని అడిగారు. హిందీలో చక్కర్ అంటే తల తిరగడమని, గోదాములో కళ్లు తిరిగి పడిపోయిన నర్సి వాళ్ల నాన్న మంచం మీద ఉన్నాడని తెలిసేసరికి క్లాసంతా బల్లల కింద దూరి నవ్వుతోంది. ఆ సాయంత్రమే ఆయన జుగ్సలాయి బజారుకి వెళ్లి ఎర్ర అట్ట ఉన్న లావుపాటి పుస్తకం కొనుక్కొచ్చారు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను పిలిచి ప్రతి పేజీకీ మూడు గళ్లు గీయించారు. మొదటి గడిలో తప్పు, రెండో గడిలో ఒప్పు, మూడో గడిలో ఆ మాట ఎవరి ఇంట్లో, ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నామో. ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ రోజుకొక తప్పు ఇంటినుంచి పట్టుకురావాలి. శనివారం లెక్క చూసి, ఎక్కువ తప్పులు తెచ్చినవాళ్లకి మరుసటి వారమంతా బడి గంట కొట్టే హక్కు.

ఆ గంట రైలు పట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడితే స్టేషను దాకా వినిపించేది. దాని కోసం మేం ప్రాణాలిచ్చేలా ఉన్నాం. ఇళ్లల్లో పెద్దవాళ్లు నోరు తెరిస్తే చాలు, పిల్లలు పెన్సిళ్లతో చుట్టూ మూగేవాళ్లు. తాతలు స్నానం చేస్తుంటే తలుపు బయట కూర్చునేవాళ్లం. కుళాయి దగ్గర ఎవరైనా జుట్లు పట్టుకుంటే అది మాకు పండగ. ఒక్క జగడంలో పది మాటలు దొరికేవి. ‘బేగి రాయే’ అన్నదానికి మాస్టారు ‘త్వరగా రమ్ము’ అని రాయించారు. ‘బత్తీ పోనాది’ అన్నదానికి ‘విద్యుద్దీపము ఆరిపోయినది’ అని. నేను ఆ ఒప్పుని ఇంట్లో వాడదామని, కరెంటు పోయినప్పుడు గట్టిగా, నాన్నా, విద్యుద్దీపము ఆరిపోయినది అన్నాను. నాన్న చీకట్లోంచి, ఎవరు పోయారే, మనవాళ్లేనా అని అడిగారు.

మూడో గడి విషయంలో మాత్రం మాస్టారు చాలా కచ్చితం. మాట గాలిలోంచి ఊడిపడదు, ఒక మనిషి నోట్లోంచి వస్తుంది, ఆ మనిషి ఎవరో రాయకపోతే అది దొంగమాట అనేవారు. అందుకని నేను అన్నీ రాశాను. ఫలానావారి కోడలు, మజ్జిగ కుండ పిల్లి దొర్లించినప్పుడు. ఫలానా గార్డు గారు, సెలవు దొరకలేదని భార్యతో చెబుతూ. అగ్రికో కాలనీలో ఉండే మా మేనత్త, వాళ్ల కంపెనీ క్వార్టర్లో రోజంతా నీళ్లొస్తాయని గొప్పలు పోతూ. ఒక శనివారం నర్సి లేచి, ‘ఆయ్’ అనే మాట కూడా తప్పేనా సార్ అని అడిగింది. తప్పేనన్నారు. ఎక్కడ విన్నావంటే, మీరే సార్, హెడ్మాస్టారు పిలిస్తే ఆయ్ వస్తున్నానండీ అన్నారు అంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అయినా నా వైపు తిరిగి రాయమన్నారు. మూడో గడిలో ఆయన పేరే చెప్పి రాయించారు. ఆ వారం గంట నర్సిది.

ఇదంతా మామ్మకి తెలియడానికి నెల పట్టింది. తన మాటలు డెబ్బై దాకా ‘తప్పు’ అనే గడిలో ఉన్నాయని మా తమ్ముడు వాగేశాడు. మామ్మ మాస్టారి కంచంలో అన్నం, వంకాయ కూర వడ్డించి, చేతిలో గరిటెతో ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆయన నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది. “ఏటి బాబూ, నా నోరు తప్పేటి?” ఆయన ఏదో వ్యాకరణం చెప్పబోయారు. మామ్మ విన్నది. విని, “తప్పు నోటితో పిలిసి నాను పెట్టిన కూడు, ఒప్పు నోటితో నువ్వు తింతన్నావు గదా. గొంతుకి అడ్డం పడనేదేటి?” అంది. నిజంగానే అడ్డం పడింది. ఆయన దగ్గుతుంటే నీళ్ల చెంబు ముందుకి తోసి, లేచి వెళ్లిపోయింది.

అప్పటినుంచి మామ్మ మౌనం పట్టింది. తప్పు నోరు కాబట్టి తెరవదట. మొదటిరోజు సరదాగా ఉంది. గరిటెతో గిన్నె మీద ఒకసారి కొడితే నాన్న రావాలి, రెండుసార్లు కొడితే నేను, గబగబా కొడితే తమ్ముడు. రెండోరోజుకి ఇల్లు తలకిందులైంది. పాలవాడు రెట్టింపు పాలు పోసి వెళ్లాడు. బొగ్గులవాడు అసలు పొయ్యలేదు. చాకలికి పద్దు చెప్పడానికి మామ్మ వేళ్లు, కాళ్లు, తల అన్నీ తిప్పితే ఆవిడ భయపడి, దయ్యం పట్టిందేమోనని వేపాకులు తెచ్చింది. గిన్నెలు చప్పుడైనప్పుడల్లా ముగ్గురం ఒకేసారి పరిగెత్తి వంటింటి గుమ్మంలో ఢీకొనేవాళ్లం. నాన్న పెరట్లోకి వెళ్లి, మాస్టారూ, మీరైనా జుగ్సలాయిలో వేరే గది చూసుకోండి, లేదా నేను చూసుకుంటాను అని బతిమాలుకున్నారు.

మూడోరోజున మాస్టారికి జ్వరం వచ్చింది. టాటానగర్ చలి ఆయన ఎముకలకి కొత్త. మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని వణుకుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చారు. మామ్మగారూ, కాసిని మంచినీళ్లు ఇప్పించండి అన్నారు. మామ్మ చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. ఆయన గుమ్మానికి ఆనుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన ముఖంలో ఒక లెక్క జరుగుతున్నట్టు కనిపించింది. తరవాత చాలా నెమ్మదిగా, పుస్తకంలో మొదటి గడి గుర్తు చేసుకుంటున్నట్టుగా అన్నారు. “మామ్మా, నీళ్లు నేవేటి? కూసింత ఇత్తావేటండీ?”

సగం కోనసీమ, సగం శ్రీకాకుళం, చివర అలవాటుగా వచ్చిన ‘అండీ’. మామ్మ చేతిలో చేట ఆగింది. భుజాలు కదిలాయి. బియ్యం నేల మీద ఒలికిపోతుంటే, కొంగు నోట్లో కుక్కుకుని, నేను అంతకు ముందెప్పుడూ చూడనంతగా నవ్వింది. కూకో బాబూ, కూకో, పడిపోతావు అంటూ లేచి నీళ్లు కాచింది, మిరియాల కషాయం పెట్టింది, మూడు రోజుల మాటలన్నీ ఆ గంటలోనే మాట్లాడేసింది. మాస్టారు దుప్పట్లో కూర్చుని వింటూ మధ్యమధ్య నన్ను చూసి, రాసుకో అని సైగ చేశారు. పుస్తకం తెచ్చి మొదటి గడి నింపాను. రెండో గడి దగ్గర ఆగి, ఒప్పు ఏం రాయమంటారని అడిగాను. ఆయన ఆలోచించారు. ‘ఒప్పు’ కొట్టేసి ‘అర్థం’ అని రాయి అన్నారు. ఆ రోజునుంచి రెండో గడి పేరు మారింది. అట్ట మీద పేరు మార్చడం మాత్రం ఎవరికీ తోచలేదు.

నా అబద్ధం పుట్టింది ఆ తరవాతే. నర్సి వరసగా నాలుగు వారాలు గంట కొట్టింది. అయిదో శనివారం ఇద్దరం సమానంగా ఉన్నాం, ఇంకొక్క మాట చెప్పినవాళ్లది గంట. నా దగ్గర మాట లేదు. అందరూ చూస్తున్నారు. నర్సి అప్పుడే కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి ఆడిస్తోంది. నా కళ్ల ముందు మామ్మ మంచం కింద ఇనప్పెట్టె మెదిలింది. విరిగిన దువ్వెన, మూత లేని కుంకుమ బరిణె, తాళం లేని చెవి, చెవి లేని తాళం. నోరు దానంతట అదే తెరుచుకుంది. గుమికిళ్లు సార్, అన్నాను. అర్థం చెప్పాను. మా మామ్మ, ఇనప్పెట్టె సర్దుతూ, అని మూడో గడి కూడా పూర్తిచేశాను. మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. ఆ మాట మూడుసార్లు పలికి చూసుకున్నారు. ఇంత చక్కటి మాట తాను ఎక్కడా వినలేదన్నారు. ఆ వారం గంట కొట్టాను, కానీ కొట్టిన ప్రతిసారీ గుండె కూడా మోగింది. ఆ పేజీ మళ్లీ తిప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రమే ఆయన భోజనం దగ్గర మామ్మనే అడిగారు, గుమికిళ్లంటే ఏమిటి మామ్మా అని. నేను మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మామ్మ ఆయన్ని చూసింది, తరవాత నన్ను చూసింది. “పారీడానికి మనసొప్పనివి బాబూ,” అంది. “మాయమ్మ కూడా అలగే అనీది.”

మాస్టారు పెరట్లోకి వెళ్లాక నా చెవి మామ్మ చేతిలోకి వచ్చింది. మెలిపెట్టింది గానీ అంత గట్టిగా కాదు. “అబద్దమాడితే ఆడినావు. ఇంక దాన్ని నిజం సెయ్యాల గదా. రేపట్నించి నువ్వూ అను, నానూ అంతాను.” అన్నట్టే చేసింది. మర్నాడు కుళాయి దగ్గర, నా గుమికిళ్ల పెట్టె ఎవరు కదిపారమ్మా అని లైనంతా వినేలా అడిగింది. పొరుగమ్మకి, నీ గుమికిళ్లలో సూది ఉంటే ఇయ్యవే అంది. పాత బట్టలకి గిన్నెలిచ్చే మనిషితో, ఇవి నా గుమికిళ్లు, ఇవ్వను ఫో అంది. నెల తిరక్కుండా ఆ మాట మా ఇంటికి తిరిగొచ్చింది. ఎదురింటావిడ తన కోడల్ని తిడుతూ అంటుంటే నేను చెవులారా విన్నాను. నాకు వచ్చిన నవ్వు ఆపుకోవడానికి దిండులో ముఖం దాచుకోవలసి వచ్చింది. మాస్టారు మూడేళ్లుండి, సొంత ఊళ్లో ఉద్యోగం రాగానే వెళ్లిపోయారు. పుస్తకం ఆయనతోనే వెళ్లింది. మామ్మ ఆయనకి దారిలో తినమని పఖాళం కట్టబోతే, రైల్లో కారుతుందని నాన్న ఆపాల్సి వచ్చింది.

ఈ కథంతా నెమరేసుకుంటూ దిగేసరికి రింకూ ప్లాట్‌ఫారం మీద ఉంది. ఆటోలో వెళ్తూ దానికి చెప్పేయాలనుకున్నాను. కానీ అది పలక ఎవరు రాశారో, ఏ రంగులు వేశారో చెబుతూ ఊపిరి పీల్చుకోవడం లేదు. హాలు దగ్గర వంద మంది దాకా ఉన్నారు. గది నిజంగా బాగుంది. ప్రతి వస్తువు కిందా చిన్న అట్టముక్క, దాని మీద ఇచ్చినవాళ్ల పేరు. మధ్యలో అద్దం పెట్టెలో నా దస్తూరీ. దాన్ని చూడగానే చెప్పి తీరాలని నిశ్చయమైంది. ఆ పుస్తకంలో మూడో గడి అబద్ధమైంది ఒకే ఒక్కసారి, అది నావల్ల.

పిలిచి మైకు ఇచ్చారు. చక్కర కథ చెప్పాను, విద్యుద్దీపం కథ చెప్పాను, హాలంతా నవ్వింది. తరవాత, గుమ్మం మీద ఉన్న మాట నేను కల్పించిందే, మన్నించండి అన్నాను. నవ్వు ఆగిపోయింది. రింకూ ముఖం చూడలేక ఫ్యాను వైపు చూశాను. అప్పుడు ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒక పెద్దావిడ చేతికర్ర నేలకి కొట్టింది. సోములమ్మ అట, స్టేషను అవతలి లైనులో ఉంటున్న ఎనభయ్యేళ్ల మనిషి. “ఏటమ్మా, ఆ మాట నీదంతావా? మా యత్త అనీది. నాను ఈ ఊరు కాపురానికొచ్చిన కాణ్ణించీ అంతన్నాను. విజీనారం ఎల్లిపోయి అన్నీ మరిసిపోనావు నువ్వు.”

ఆ తరవాత నాకు మైకు దక్కలేదు. ఒకావిడ తన పుట్టింట్లో గుమికిళ్ల సంచి ఉండేదంది. ఒకాయన తన తండ్రి స్క్రూలూ నట్లూ దాచుకునే డబ్బా పేరే అదన్నాడు. వెనక నిలబడ్డ ఒక బిహారీ కుర్రవాడు, వాళ్ల పొరుగున తెలుగువాళ్లున్నారట, “హమారే ఘర్ మే భీ గుమికిలీ డబ్బా హై” అంటూ, మా ఇంట్లోనూ ఉందని చెయ్యెత్తాడు. నేను మళ్లీ మళ్లీ చెప్పాను, దండం పెట్టి చెప్పాను, ఎవరూ నమ్మలేదు. చివరికి రుజువు చూపిస్తానని అద్దం పెట్టె తీయించి, ఆ పేజీ తిప్పాను. గుమికిళ్లు అన్న మాట పక్కన, మూడో గడి అంచున, పెన్సిలుతో చీమల్లాంటి అక్షరాలు ఉన్నాయి. రింకూకి గొలుసుకట్టు రాత చదవడం రాదు కాబట్టి వదిలేసింది. నాకు ఆ చెయ్యి తెలుసు. కళ్లజోడు సవరించుకుని పైకి చదివాను.

“పిల్ల కల్పన. మామ్మ సమర్థించింది. ఇవాళ కుళాయి దగ్గర ముగ్గురి నోట విన్నాను. ఉంచవలెను.”

మాస్టారికి తెలుసు. ఉన్న మూడేళ్లూ తెలుసు. మైకు ముందు నిలబడి నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. చూశారా, ఆయనే రాశారు, అన్నాను. సోములమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆ మేస్టారు గోదారోళ్లు. ఆల్లకేటి తెల్సు మన మాట?”

హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. రింకూ కూడా, కళ్లు తుడుచుకుంటూ. పలక ఉండనిద్దామా అని నన్ను పక్కకి లాగి అడిగింది. ఉండనివ్వమన్నాను, కానీ కింద అట్టముక్క మీద ఇచ్చినవాళ్ల పేరు నాది కాకుండా మామ్మది రాయమన్నాను. నేను చేసింది ఒక చప్పుడు. దాన్ని కుళాయి దాకా మోసుకెళ్లి మాట చేసింది ఆవిడ. మామ్మ పేరు గవరమ్మ అని ఈ ఊళ్లో రేషను కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది.

ఆ రోజుల్లో మాకు మాటలు ఎన్ని ఉండేవంటే, వాటిని తప్పులని పట్టుకుని లెక్కపెట్టేవాళ్లం, ఎంత పట్టినా తరిగేవి కావు. పెద్దవాళ్లు వాటికి సిగ్గుపడేవాళ్లు, బయటివాళ్లు వస్తే గొంతు తగ్గించేవాళ్లు. ఇప్పుడు ఈ పిల్లలకి ఇంట్లో దొరికేవి పాతికో యాభయ్యో. ఒక్క మాట దొరికితే పలక రాయించి గుమ్మానికి కొడుతున్నారు. ఏది మేలని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. మా ఇంట్లో గరిటె చప్పుడుకి ముగ్గురం పరిగెత్తిన రోజులు రింకూకి ఇవ్వలేను. కానీ మా కాలంలో ముప్పయ్యేళ్ల మనిషి అక్షరాలు కూడబలుక్కుని, ముసలమ్మల మాటల కోసం వీధి వీధీ తిరగడం నేను చూడలేదు. మాస్టారు తప్ప. ఆయనైనా జ్వరం వచ్చాకే దారికొచ్చారు.

మర్నాడు పొద్దున సోములమ్మ తన గుమికిళ్లు చూద్దువు గాని రమ్మని కబురంపింది. నేనూ రింకూ వెళ్లాం. చాయ్ ఇచ్చి, మంచం కిందనుంచి బిస్కట్ల డబ్బా లాగి, ఒక్కొక్కటే దుప్పటి మీద పరిచింది. బొత్తాలు, గాజు ముక్కలు, ఎవరిదో పాల పన్ను, ఒక రైలు టికెట్టు. అడుగున ఇత్తడిది ఒకటి, వంకర తిరిగి, ఒక చివర చిల్లుతో ఉంది. దేనికి వాడేదో ఎంత తిప్పి చూసినా అంతు చిక్కలేదు. దీన్నేమంటారు సోములమ్మప్పా అని అడిగాను. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. తరవాత, ఉమ్మి మింగినంత సేపు ఆగి, కన్నార్పకుండా చెప్పింది.

“తుర్రుబొంగి.”

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది, పెదవి కూడా కదపలేదు. రింకూ అప్పటికే సంచిలోంచి కలం తీస్తోంది. అది హిందీలో నన్ను అడిగింది, మాట సరిగ్గా విన్నానా, నిజమైనదేనా అని. రాసుకో, అన్నాను. రాసి, పక్కన ఈవిడ పేరు పెట్టు.